ఫ్లోటీలు తీసేసి లైఫ్ జాకెట్ కొన్నాం, మూడు నెలలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, ఇది ఐదు స్టార్ల రివ్యూ కాదు, నాలుగే ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు కోశానంటే నిజానికి జాకెట్ తప్పేం లేదు, కానీ జాకెట్ వల్లే మా ఇంట్లో ఒకటి జరిగింది, మధ్యలో చెప్తా, మిగతాది చదవకపోయినా ఆ ముక్క మాత్రం వదలకండి.

మాకు ఇద్దరు. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నోడికి మూడు నిండి నాలుగు నడుస్తోంది, పదిహేను కిలోలు ఉంటాడు (బరువు ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది). పెద్దది నీళ్ళంటే ముందు కాలి బొటనవేలు ముంచి చూసుకునే రకం, వీడు బుర్ర ముందు పెట్టే రకం.

మొదట్లో వీడికి ఫ్లోటీలే వాడాం, అవేనండీ చేతులకి తొడిగి గాలి ఊదేవి, బాతు బొమ్మలేసి ఉంటాయి చూడండి అవి. ఎవరో గిఫ్టుగా ఇచ్చారు. వాటి మీద చిన్న అక్షరాల్లో ఇది ప్రాణరక్షణ సాధనం కాదు, పెద్దవాళ్ళు పక్కనుండగానే వాడాలి అని ఉంటుంది, అది చదవాలంటే మా మామయ్యగారి భూతద్దం కావాలి. మేం చదవలేదు. బాతు బొమ్మ బావుంది, వాడికి నచ్చింది, అంతే.

ఆరోజు చుట్టాలందరం కలిసి పూల్‌కి వెళ్ళాం, పిల్లలు తొమ్మిది మంది, పెద్దవాళ్ళం పదకొండు మందిమి. ఇంతమందిమి ఉన్నాం కదా అని ధైర్యం, కానీ పదకొండు మంది ఉన్నచోట ఎవరూ చూడరు, అందరం ఇంకెవరో చూస్తున్నారులే అనుకుంటాం. నేను గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్నా, వాడు నాకు రెండు బారల దూరంలో ఉన్నాడు. ఫోన్ మోగితే చూశా. ఒక మెసేజ్ చదివి సరే అని కొట్టేంతసేపు, అంతే. తల ఎత్తేసరికి ఎడంచేతి ఫ్లోటీ విడిగా తేలుతోంది, సన్‌స్క్రీన్ రాశాను కదా జారిపోయినట్టుంది, కుడిచేతిది ఆ చెయ్యి ఒక్కదాన్నే పైకి లాగి పట్టుకుంది, వాడు పక్కకి ఒరిగిపోయి మొహం పైకెత్తి ఉన్నాడు, నోరు సరిగ్గా నీళ్ళ అంచున తెరుచుకుంటోంది మూసుకుంటోంది. నేను చూస్తూనే ఉన్నా, ఆడుకుంటున్నాడనుకున్నా. అవతలి గట్టు నుంచి మా ఆడపడుచు "వదినా, వాణ్ణి పట్టుకో" అని అరుస్తూనే తనే దూకేసి ఎత్తేసింది.

దగ్గాడు, రెండు గుక్కలు కక్కాడు, ఏడిచాడు. వాడు ఏడిచాక నాకు కాళ్ళు వణకడం మొదలైంది. డాక్టర్‌కి చూపిస్తే ఊపిరితిత్తులు బానే ఉన్నాయి, కానీ ఈ కొన్ని గంటలు కనిపెట్టి ఉండండి, దగ్గు ఆగకపోయినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, మామూలుగా కాకుండా మత్తుగా పడుకున్నా వెంటనే తీసుకొచ్చెయ్యండి అన్నారు. ఏం కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు, ఫోన్‌లో చదువుతూ కూర్చున్నా.

అప్పుడు తెలిసింది నేను ఎందుకు గుర్తుపట్టలేదో. సినిమాల్లో మునిగేవాళ్ళు చేతులు ఊపుతారు, కాపాడండి అని కేకలేస్తారు, నీళ్ళు ఎగజిమ్ముతారు, మన బుర్రలో ఆ బొమ్మే ఉంటుంది. అసలు సంగతేంటంటే ఊపిరికే చాలనప్పుడు కేకకి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది. నోరు పైకి వచ్చిన ఆ అరక్షణం గాలి పీల్చడానికే సరిపోతుంది. చేతులు పక్కలకి చాచుకుని నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, ఎవరినైనా పిలుద్దాం, చెయ్యి ఊపుదాం అన్నా అవి మాట వినవు. మనిషి నిలువుగా ఉండిపోతాడు, మెట్లు లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు. న్యూయార్క్‌లో లైఫ్‌గార్డ్‌గా చేసిన ఫ్రాంక్ పియా అనే ఆయన దీన్ని పట్టి పట్టి చూసి రాశాడు, నీటి మీద ఈ పెనుగులాట 20 నుంచి 60 సెకన్లే ఉంటుందట, తర్వాత మునకే. పిల్లలైతే ఇంకా తక్కువసేపు. నా మెసేజ్‌కి పట్టిన టైమ్ లెక్కేసుకుని ఫోన్ పక్కన పడేశా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో దాదాపు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు, వాళ్ళలో ఇంచుమించు నాలుగోవంతు ఐదేళ్ళలోపు పిల్లలే.

సరే, జాకెట్ సంగతికి వస్తా.

కొనేటప్పుడు మొదటి గందరగోళం ఏంటంటే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. స్విమ్ వెస్ట్, ఫ్లోట్ జాకెట్, బాయన్సీ ఎయిడ్, లైఫ్ జాకెట్, ఫొటోలో చూస్తే అన్నిట్లోనూ ఒక బాబు నవ్వుతుంటాడు. కానీ ఇవి ఒకటి కాదు. ఈత నేర్పడానికి సాయంగా తయారుచేసిన వాటి లేబుల్ మీద ఈఎన్ 13138 అని (అది యూరప్ ప్రమాణం నంబరు) ఉంటుంది, అవి ప్రాణం కాపాడటానికి చేసినవి కాదు. ఐఎస్ఓ 12402 అనే అంతర్జాతీయ ప్రమాణం నంబరు ఉన్నవి వేరే జాతి. అందులో మళ్ళీ 50, 100, 150, 275 అని న్యూటన్ల లెక్కన తరగతులు. పది న్యూటన్లంటే సుమారుగా ఒక కిలో బరువుని పైకి తోసే శక్తి అనుకోండి. 50 రకం ఈత వచ్చినవాళ్ళకి, ఒడ్డుకి దగ్గర్లో ఉండేవాళ్ళకి, స్పృహ తప్పి బోర్లా పడితే అది తిప్పదు. 100, ఆ పైనవి మనిషిని వెల్లకిలా తిప్పి మొహం పైకి ఉండేలా చెయ్యాలని డిజైన్ చేసినవి, అందుకే ముందువైపు ఫోమ్ ఎక్కువ, మెడ వెనక ఒక కాలర్. పిల్లల సైజుల్లో నిజంగా ఉండే న్యూటన్లు ఆ అంకెకంటే తక్కువే ఉంటాయి, బరువుని బట్టి లెక్కేస్తారు, తక్కువుందని కంగారుపడకండి, తరగతి ఏంటో చూడండి చాలు.

మేం 100 రకం తీసుకున్నాం, కాలర్‌ది. గాలి నింపేది కాదు ఫోమ్‌ది, చిల్లు పడుతుందన్న భయం ఉండదు.

సైజు దగ్గర ఒక తగువు. మా అత్తయ్య "ఒక సైజు పెద్దది తీసుకోవే, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అన్నారు, చొక్కా కొన్నట్టే. చొక్కా అయితే అత్తయ్య మాటే రైటు. దీనికి మాత్రం వయసు కాదు, లేబుల్ మీద ఉన్న కిలోలు చూడాలి, పెద్దది వేస్తే నీళ్ళలోకి దిగగానే జాకెట్ తేలుతుంది, పిల్లాడు అందులోంచి కిందికి జారతాడు. ఇంట్లోనే టెస్ట్ చేసుకోవచ్చు, బకిల్స్ అన్నీ పెట్టి, వాణ్ణి రెండు చేతులూ పైకెత్తమని, భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి మొహం మీదకి వచ్చేస్తే వదిలెయ్యండి, అది మీ పిల్లాడిది కాదు. మేం మొదట తెప్పించిన సైజు వాడి ముక్కు దాకా వచ్చేసింది, వాడు లోపల్నుంచి "అమ్మా చీకటి" అన్నాడు. వెనక్కి పంపి తక్కువ సైజు తెప్పించాం.

కాళ్ళ మధ్యనుంచి వచ్చి ముందు తగిలించే పట్టీ లేని జాకెట్ చిన్నపిల్లలకి అస్సలు కొనకండి. జాకెట్ పైకి ఎక్కకుండా ఆపేది అదే. మా దాంట్లో ఉంది, వెడల్పుగా, బకిల్ గట్టిగా ఉంది, పిల్లాడు తనంతట తను విప్పలేడు (ప్రయత్నించాడు). మెడ వెనక పట్టుకుని ఎత్తడానికి ఒక హ్యాండిల్ ఉంది, అది దేవుడిలాంటిది, గట్టు మీద కూర్చున్న మనిషి ఒంటిచేత్తో పట్టి లాగెయ్యొచ్చు. విజిల్ కూడా ఇచ్చారు, రెండ్రోజుల్లో మా అందరి చెవులూ చిల్లులు పడ్డాయి. రంగు మాత్రం ఆలోచించి ఎంచుకున్నా, నిండు నారింజ. నీలం, తెలుపు, బూడిద రంగులు నీళ్ళలో కలిసిపోతాయి, కిందికి వెళ్తే కనపడవు. పెద్దదానికి లేత నీలం స్విమ్ సూట్ ఉండేది, చాలా ముద్దుగా ఉంటుంది, అయినా పక్కన పెట్టేసి రాణీ గులాబీది కొన్నా.

నీళ్ళలో ఎలా ఉందంటే, మొదటిరోజు ఘోరం. నా ఛాతీ లోతులో నిలబడి, రెండు చేతులూ పట్టుకుని మెల్లగా వెనక్కి వాల్చా, జాకెట్ దాని పని అది చేసి వెల్లకిలా తిప్పింది, గడ్డం నీళ్ళకి బాగా పైనే ఉంది, కానీ వీడికి అలా ఆకాశం చూస్తూ పడుకోవడం కొత్త, మెడ బిగించేసి నా మీదకి ఎగబాకి నెత్తెక్కేశాడు. నాలుగోసారికి అలవాటైంది. కాబట్టి పడవ ఎక్కే రోజే మొదటిసారి తొడగకండి, ముందే నాలుగైదు సార్లు నీళ్ళలో వేసి చూపించండి.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. చంకల కింద ఒరుసుకుని ఎర్రగా అయింది, లోపల పల్చటి టీషర్టు వేస్తే తగ్గింది. ఆరడానికి ఒకరోజు పైన పడుతుంది, తడిగానే సంచిలో కుక్కితే వాసన భరించలేం. హీటర్ ముందు, డ్రయ్యర్‌లో పెట్టొద్దు, ఫోమ్ పాడవుతుంది, మంచినీళ్ళతో కడిగి నీడన ఆరెయ్యాలి. దాన్ని దిండులా వేసుకుని కూర్చోకూడదు కూడా, నలిగిన ఫోమ్ తేల్చదు, ఈ విషయం మా ఆయనకి ఇప్పటికి ఆరుసార్లు చెప్పా.

ఇప్పుడు ఆ కోసిన స్టార్.

రెండు వారాలు వాడాక ఒకరోజు బయటికొచ్చి జాకెట్ విప్పి తువ్వాలు చుడుతున్నా. వాడు తువ్వాలు నా చేతిలో వదిలేసి పరిగెత్తి పూల్‌లోకి దూకేశాడు. ఎవరూ తొయ్యలేదు, కాలు జారలేదు, నవ్వుతూ దూకాడు. రెండువారాల నుంచి వాడికి తెలిసిన నీళ్ళు ఏంటంటే దూకితే పైకి తేల్చేవి. ఈసారి నేను చెయ్యి చాచేంత దగ్గర్లోనే ఉన్నా కాబట్టి వెంటనే లాగేశా. ఏడవలేదు. కళ్ళు ఇంతింత చేసుకుని "అమ్మా, నీళ్ళు నన్ను పట్టుకోలేదు" అన్నాడు.

ఫ్లోటీలైనా, వెస్టైనా, ఇంత మంచి జాకెట్టైనా అన్నిటికీ ఇదే జబ్బు. తేలేది జాకెట్ అని పిల్లాడికి తెలీదు, తనే తేలుతున్నాననుకుంటాడు. పైగా ఫ్లోటీల్లో ఎప్పుడూ నిలువుగానే వేలాడుతుంటారు, మునిగేవాడు ఉండేదీ అలాగే అని పైన చెప్పాను చూడండి, ఆ పొజిషన్‌నే మనం రోజూ ప్రాక్టీస్ చేయిస్తున్నాం. ఇప్పుడు మా పద్ధతి మారింది. జాకెట్ పడవకి, నదికి, లోతు తెలియని చోటికి. పూల్‌లో సగం టైమ్ జాకెట్ లేకుండా నా చేతుల్లో, జాకెట్ లేకపోతే ఏమవుతుందో వాడి ఒంటికి తెలియాలి. విప్పడం కూడా గట్టు దగ్గర కాదు, గేటు దాటి బయటికొచ్చాకే.

ఈత క్లాస్ కూడా అప్పుడే పెట్టించాం, దీనికి నాలుగున్నర ఇస్తా. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఒకప్పుడు నాలుగేళ్ళు నిండాకే ఈత అనేది, 2010లో ఆ మాట మార్చుకుంది, ఇప్పుడు ఏడాది దాటిన పిల్లలకి మొదలుపెట్టొచ్చు అంటోంది, నేర్చుకున్నా మునగరని గ్యారంటీ లేదని కూడా పక్కనే చెప్తుంది. మేం ముందు చూసిన ఒక క్లాస్‌లో కోచ్ ఒకరే, పిల్లలు పద్నాలుగు మంది, ఆవిడ ఒకడి కాళ్ళు సరిచేస్తుంటే మిగతా పదమూడు మంది ఆవిడ వీపు వెనక ఉన్నారు, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగొచ్చేశాం. ఇప్పుడు వెళ్ళేచోట చిన్నపిల్లలు నలుగురికి ఒక కోచ్. స్టైళ్ళు ఏం నేర్పలేదు ఇంకా, మూడే నేర్పారు, పడ్డాక వెనక్కి తిరిగి గోడ పట్టుకోవడం, వెల్లకిలా తేలి ఊపిరి తీసుకోవడం, అడగకుండా నీళ్ళలోకి దిగకపోవడం. ఒకరోజు మామూలు బట్టలతో, చెప్పులతో దింపారు. ఫ్యాంటు తడిసి బరువెక్కితే పెద్దది బిత్తరపోయింది, నిజంగా పడేటప్పుడు స్విమ్ సూట్ వేసుకుని పడరు కదా అన్నారు కోచ్. ఆ అర పాయింట్ ఎందుకు తగ్గించానంటే తల్లిదండ్రుల్ని అద్దం అవతల కూర్చోబెడతారు, నాకు నచ్చదు.

మధ్యలో చేతికి కట్టే అలారం ఒకటి కూడా కొన్నాం, తడిస్తే మోగేది. ఒక స్టార్. చేతులు కడిగినా మోగుతుంది, చెమటకి కూడా ఒకసారి మోగింది, మూడోరోజుకి అది మోగినా ఎవరూ తల తిప్పట్లేదు. పైగా అది మోగేది పిల్లాడు నీళ్ళలో పడ్డాక. మెడకి వేసే గాలి రింగుల గురించి ఒకావిడ అడిగారు, పసిపిల్లలకి వేస్తారు కదా అవి, వద్దండీ. అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో వీటి మీద హెచ్చరిక ఇచ్చింది, ముఖ్యంగా ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి వాటర్ థెరపీ పేరుతో వాడొద్దని.

కొనకుండా వచ్చినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒక టోపీ. ఎరుపు టోపీ, ఎవరి నెత్తి మీదుంటే వాళ్ళది డ్యూటీ, పదిహేను నిమిషాలు. ఫోన్ ఇంకొకరి చేతికిచ్చెయ్యాలి, కబుర్లు బంద్, టోపీ ఇంకో నెత్తి మీదకి వెళ్ళేదాకా బాత్రూమ్‌కి కూడా వెళ్ళకూడదు. చిన్నోడికైతే టోపీ కూడా చాలదు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఒకరు ఉండాల్సిందే. మొదట మా బావగారు నవ్వారు, ఇప్పుడు ఆయనే అందరికంటే స్ట్రిక్ట్. సెలవులకి ఒక ఇల్లు అద్దెకి తీసుకుంటే అక్కడ పూల్ చుట్టూ నాలుగువైపులా కంచె ఉంది, నడుం పైకి వచ్చేంత ఎత్తు, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి, కానీ గాలికి కొట్టుకుంటోందని ఎవరో గేటుకి కుర్చీ అడ్డం పెట్టారు! సామాను దించకముందే టోపీ పెట్టుకుని వెళ్ళి ఆ కుర్చీ తీసేశారు మా బావగారు, పిల్లలు ఎక్కకుండా కంచె పక్కనున్న మిగతా కుర్చీలు కూడా దూరంగా జరిపించారు.

ఇంట్లో సంగతి చాలామంది మర్చిపోతారు. పసిపిల్లలు మునగడానికి ఐదు సెంటీమీటర్ల నీళ్ళు చాలు. నడక నేర్చుకునే పిల్లలకి ఒంటితో పోలిస్తే తల బరువు, బకెట్‌లోకి తొంగిచూసి తలకిందులైతే తిరిగి లేవలేరు, నీళ్ళున్న బకెట్ పక్కకి ఒరగదు కూడా. మా ఇంట్లో ఇప్పుడు బకెట్లన్నీ బోర్లించే ఉంటాయి, బాత్రూమ్ తలుపుకి పైన గడియ వేయించాం.

ఇంకొకటి, మా ఆడపడుచూ నేనూ కలిసి సీపీఆర్ (ఊపిరి, గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి నోటితో ఊపిరి ఇవ్వడం) ఒక పూట నేర్చుకున్నాం, బొమ్మ మీద. మాకు అప్పటిదాకా తెలిసింది మునిగినవాణ్ణి తలకిందులు చేసి పొట్ట నొక్కి నీళ్ళు తీయించడం. అది చెయ్యకూడదట, నీళ్ళు తీస్తున్నాం అనుకుంటూ ఊపిరి ఇవ్వాల్సిన టైమ్ పోతుంది, కడుపులోది కక్కి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుండె జబ్బుతో పడిపోయినవాళ్ళకి ఛాతీ నొక్కడం ఒక్కటే చేసినా కొంత పనిచేస్తుంది కానీ, మునిగినవాళ్ళకి పోయింది ఆక్సిజన్ కాబట్టి నోటి ద్వారా ఊపిరి కచ్చితంగా ఇవ్వాలి. ఒక్కరే ఉంటే 30 నొక్కులకి 2 ఊపిరిలు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, పిల్లలకైతే ఛాతీ మందంలో మూడోవంతు లోతు దిగేలా. చదివితే ఈజీగా ఉంటుంది, బొమ్మ మీద రెండు నిమిషాలకే నాకు చేతులు పడిపోయాయి, ఒకసారి వెళ్ళి చేసి చూడండి.

జాకెట్ కొనాలా అంటే పడవలు, చెరువులు, సముద్రం దగ్గరికి వెళ్ళేవాళ్ళు తప్పకుండా కొనండి, పెద్దవాళ్ళకి కూడా కలిపి కొనండి. పూల్‌కి మాత్రమే వెళ్ళేవాళ్ళయితే ఆ డబ్బులు క్లాస్‌కి కట్టండి. మా చిన్నోడు మొన్న బరువు చూస్తే పదహారు దాటాడు, లేబుల్ మీద ఇరవై దాకా ఉంది కాబట్టి ఇంకొన్నాళ్ళు వస్తుంది, తర్వాత మా మరిది కొడుక్కి ఇస్తాం, ఇచ్చేముందు ఫోమ్ నొక్కి చూసి గట్టిపడిందేమో చూడాలి. ఫ్లోటీలు కూడా వాళ్ళు అడిగారు. ఆ బాతు బొమ్మలవి కత్తెరతో కోసేసి చెత్తబుట్టలో వేశాను అని చెప్పా.